వరుసలో అన్నీ వస్తాయి, విడిగా అడిగితే రావు: ఒకటో తరగతి చివర ఒక పాప కేసు

కోనసీమలో ఒక లంక గ్రామం ప్రాథమిక పాఠశాలలో నడిచిన కేసు ఇది. ఊరు, సంవత్సరం రాయలేదు. పాపను గుర్తుపట్టగలిగే ఇంటి వివరాలు కొన్ని మార్చాం. ఇలాంటి పిల్లలు ప్రతి ఒకటో తరగతిలోనూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. బాగా చదివే పిల్లల జాబితాలో ఉంటారు కాబట్టి ఎవరి కంటా పడరు. రాయడానికి కారణం అదే.

నేపథ్యం

పాపకు ఆరున్నరేళ్ళు. తల్లి గల్ఫ్‌లో ఇంటిపనికి వెళ్ళింది. తండ్రి రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా. పెంపకం అమ్మమ్మది. జులై, ఆగస్టుల్లో గోదావరి పోటెత్తి కాజ్‌వే మునిగిన రోజుల్లో బడి సాగలేదు. మొత్తం హాజరు చూస్తే ఫర్వాలేదు. కానీ పోయిన రోజులన్నీ ఒకేచోట పోయాయి, హల్లులు సగంలో ఉండగా. నీళ్ళు తీశాక సిలబస్ అందుకోవాలని గుణింతాలు కోరస్‌లో నడిపించారు. ముప్పైమంది పిల్లలకు ఒకే టీచరు ఉన్నచోట అది తప్పని చెప్పలేం. కాకపోతే కోరస్‌లో ఎవరికి వచ్చిందో, ఎవరు పక్కవాళ్ళ గొంతులో గొంతు కలిపారో తెలియదు.

ఏప్రిల్‌ నాటికి ఒకటో తరగతి పిల్లలకు ఏం రావాలన్నది 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ లక్ష్యాల్లో ఉంది. నాలుగైదు చిన్న మాటలున్న వాక్యాలను, అదీ ముందు చూడని పాఠంలోంచి, చదవాలి. 99 వరకు అంకెలు చదివి రాయాలి. చిన్న కూడికలు, తీసివేతలు చేయాలి. ఇందులో అసలు బరువంతా ‘ముందు చూడని’ అన్న మాట మీదే ఉంది. మార్కుల రిజిస్టరులో దానికి గడి లేదు.

బయటపడిన తీరు

పాప తెలుగు వాచకంలో ఏ పేజీ తెరిచినా వేలు పెట్టి తప్పులేకుండా చదువుతుంది. 1 నుంచి 100 వరకు పలక నిండా ముత్యాల్లా రాస్తుంది. ఫిబ్రవరి ఆఖరి వారంలో తరగతి మొత్తానికి చిన్న కాగితం ముక్కల మీద ఒత్తుల్లేని వాక్యాలు రాసి ఒక్కొక్కరి చేత చదివించాం. పాపకు వచ్చిన ముక్క: ‘తాత పడవ కడిగాడు. వల ఆరబోశాడు.’ ‘తాత’ చదివింది. ‘పడవ’ను ‘పలక’ అంది. ‘కడిగాడు’ దగ్గర ఆగి టీచరు మొహంలోకి చూసింది.

‘పలక’ అన్న తప్పు చాలా చెబుతుంది. మొదటి అక్షరం పట్టుకుని, తనకు తెలిసిన మాటల్లో దగ్గరగా ఉన్నదాన్ని తీసుకుంటోంది. దీన్ని రూఢి చేసుకోవడానికి మూడు పనులు చేశాం. ఒకటి, వాచకంలో బాగా వచ్చిన పాఠంలోనే బొమ్మను కాగితంతో మూసి, మూడో వాక్యంలో మధ్య మాట మీద వేలు పెట్టి అడిగాం. పాప పెదాలు కదిపి పాఠం మొదటినుంచి లోలోపల చెప్పుకుంటూ వచ్చి ఆ మాట దగ్గర బయటికి పలికింది. రెండు, పది హల్లులకు (త, డ, క, న, ల, ప, ర, మ, గ, వ) దీర్ఘం, గుడి, కొమ్ము, ఏత్వం పెట్టి నలభై కార్డులు చేసి, కలిపేసి చూపించాం. తొమ్మిది చెప్పింది. మూడు, అంకెలు వరుస లేకుండా ఉక్తలేఖనం పెట్టాం. ‘ముప్పై ఐదు’ అంటే 305 రాసింది. 29, 31 రెండింట్లో ఏది పెద్దదంటే 29 అంది. తొమ్మిది పెద్దది కదా అన్నది ఆమె లెక్క.

వేరే కారణాలు లేవని చూసుకున్నాకే ముందుకు వెళ్ళాం. ఆఖరి వరసలో కూర్చుని బోర్డు మీది చిన్న అక్షరాలు తప్పులేకుండా ఎక్కించుకుంటోంది, పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకోవడం లేదు. నోరు కనపడకుండా ‘పాలు – బాలు’, ‘తాడు – దాడు’ పలికితే తేడా చెబుతోంది. చూపు, వినికిడి మీద అనుమానం పడలేదు. చదవడంలో పుట్టుకతో వచ్చే ఇబ్బంది ఉందేమోనన్న మాట కూడా వచ్చింది. అది పక్కన పెట్టడానికి కారణం చిన్న ప్రయోగం. వరుసలో పెట్టకుండా ‘కి’, ‘తు’ రెండే చూపించి ఐదు నిమిషాలు ఆడించాం. మర్నాడు పొద్దున్న రెండూ గుర్తున్నాయి. విడిగా నేర్పితే పట్టుకుంటున్న పిల్లకు ముద్ర వేసే ముందు విడిగా నేర్పి చూడాలి.

తొందరెందుకంటే, విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటో తరగతిలో ఎవరినీ ఆపరు. జూన్‌లో పాప రెండో తరగతిలో కూర్చుంటుంది, అక్కడ ఒత్తులు ఎదురుచూస్తుంటాయి. ‘కి’ చదవలేని పిల్ల ముందు ‘క్కి’ పెడితే మళ్ళీ బట్టీయే దారి.

ముందు చేసినవి, పనిచేయనివి

మొదటి రెండు వారాలు వృథా అయ్యాయి. ఎలా అయ్యాయో రాస్తేనే ఉపయోగం.

రోజూ రెండు గుణింతాలు పదేసిసార్లు రాయమన్నాం. పుస్తకం చూస్తే కళ్ళు చల్లబడేలా రాసింది. రాస్తుండగా పక్కన కూర్చుని చూస్తే అసలు సంగతి తెలిసింది. ముందు పేజీ అంతా ‘క క క క’ అని నింపేసి, తర్వాత ఒక నిలువు వరసకు దీర్ఘాలు, ఇంకో నిలువు వరసకు గుళ్ళు, మరోదానికి కొమ్ములు తగిలించుకుంటూ పోతోంది. గోడకు వెల్ల వేసినంత పనే, శబ్దంతో సంబంధం లేదు. ఇది పాప తెలివి తక్కువై కాదు. పది సార్లు రాయమంటే ఏ పిల్లయినా తొందరగా అయ్యే దారే చూసుకుంటుంది.

ఇంటి దగ్గర చదివించమని అమ్మమ్మకు చెప్పాం. ఆవిడ నిజాయితీగా చేశారు. “రోజూ పొద్దుటే ఏకరువు పెట్టిస్తన్నానండి. క కు దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, గడగడా చెప్పేస్తంది. మీరేమో రాదంటన్నారు,” అన్నారు. ఆవిడ విన్నదీ నిజమే, మేం చూసిందీ నిజమే. ఏకరువు పెట్టిన కొద్దీ వరుస గట్టిపడింది. ‘కు’ చూపిస్తే పాప ‘క కా కి కీ కు’ అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుని చేరుకోవడం మొదలుపెట్టింది. అంతకుముందు అది కూడా లేదు కాబట్టి మెరుగే అనిపించింది గానీ, మూడక్షరాల మాట చదవడానికి మూడుసార్లు మెట్లెక్కి దిగాలంటే మొదటి అక్షరం ఏమిటో మర్చిపోతుంది.

బొమ్మల కార్డులు కూడా తెచ్చాం. బొమ్మ ఉన్నవైపు చూపించకపోయినా ‘గూడు’ ఠక్కున చెబుతోంటే సంతోషించాం. ఆ కార్డుకు మూల మడతపడి ఉంది. అదే మాట కొత్త ముక్క మీద రాసి ఇస్తే చదవలేదు.

రెండు వారాలయ్యాక నలభై కార్డుల్లో పదకొండు.

మార్చిన పద్ధతి

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. పదకొండు దాటాక రేకుల వేడికి పిల్లలు సోలిపోతారు. అందుకే ప్రార్థన కాగానే ఇరవై ఐదు నిమిషాలు ఈ పనికి కేటాయించాం. పాపతోపాటు అదే ఇబ్బంది ఉన్న మరో నలుగుర్ని కలిపాం. ఒక్కదాన్నే కూర్చోబెడితే రాని పిల్ల అన్న పేరు పడుతుంది.

మొదటి నిర్ణయం ఏ అక్షరాలతో మొదలుపెట్టాలన్నది. వర్ణమాల వరుసలో క, ఖ, గ, ఘ అని వెళ్తే మాటలు పుట్టవు. త, డ, క, న తీసుకున్నాం. నాలుగింటికీ తలకట్టు ఉంది, నాలుగింటికీ కొమ్ము పక్కనే మామూలుగా అతుకుతుంది. గుర్తులు నాలుగే: తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము. పదహారు రూపాలతో తాత, తాడు, కాకి, కుడి, తడి, కాడి, నాడు, నాకు, తాకు, తినకు, తాకిడి అన్నీ వస్తాయి. ‘ల’ ఎంత సులువనిపించినా మొదటి వారం ముట్టుకోలేదు. దానికి తలకట్టు లేదు, తలకట్టు తీసి గుడి పెట్టడం అన్న ఆట దానితో సాగదు. ‘ప’ కూడా వద్దనుకున్నాం. ‘పు’లో కొమ్ము కాస్త కిందికి దిగి అతుకుతుంది, అట్ట ముక్క అక్కడ సరిపోదు.

అట్టముక్కలు ఇలా చేశాం. నోటుపుస్తకం అట్టను అరచేతంత పలకలుగా కోసి తలకట్టు లేని అక్షరం ఒళ్ళు మాత్రమే రాయాలి. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము వేరే రంగు స్కెచ్‌తో చిన్న ముక్కల మీద రాయాలి. అక్షరం కదలదు, దాని మీద టోపీ మారుతుంది. తలకట్టు తీసి గుడి పెట్టగానే ‘త’ పోయి ‘తి’ వస్తుందన్నది పిల్ల చేత్తో చేసి చూడాలి. ఇక్కడ మనం చేసే తప్పొకటి ఉంది. ‘త ప్లస్ ఇ’ అని విడదీసి చెప్పబోతాం. ఆరేళ్ళ పిల్లకు ‘తి’ ఒకే చప్పుడు, దాన్ని కోయనక్కర్లేదు.

ఆ పదహారు రూపాలను వరండాలో సుద్దతో తొక్కుడుబిళ్ళ గడుల్లా గీశాం. చింతపిక్క ఏ గడిలో పడితే అది చదివితేనే గెంతాలి. గడులు రోజూ చెరిపి వేరే వరుసలో గీయాలి. మూడోరోజు సోమరితనంతో పాత గడులే ఉంచితే పిల్లలు గడి చోటును బట్టి చెప్పేశారు. గుణింతం ఏకరువు మాత్రం ఈ ఆరు వారాలూ పూర్తిగా ఆపేయించాం. అమ్మమ్మకు ఇది నచ్చలేదు. “చదువు మానిపిస్తన్నారేటండి?” అని అడిగారు. ఆవిడకు వేరే పని ఇచ్చాం: డబ్బాలో మాటలు రాసిన పన్నెండు ముక్కలు, రోజూ కళ్ళుమూసుకుని మూడు తీసి పాపకు చూపించడం. ముక్క వెనక జవాబు బొమ్మగా వేశాం. దాంతో ఆవిడకు చదువు పెద్దగా రాకపోయినా తప్పొప్పు తేల్చగలిగారు.

అర్థం లేని మాటలు కలపడం రెండో నిర్ణయం. ‘డికు’, ‘నుతా’ లాంటివి. తెలిసిన మాటను ఊహించి చెప్పవచ్చు, లేని మాటను ఊహించలేరు. అయితే ఉత్తినే ఇస్తే పిల్లలు తెల్లమొహం వేస్తారు, లేదంటే దగ్గరున్న అసలు మాటకు సవరిస్తారు. ‘ఇది కుక్కపిల్ల పేరు’ అని చెబితే గొడవ లేదు, పేరు ఎలాగైనా ఉండొచ్చు. ఐదింటికి ఒకటి మించకుండా ఇచ్చాం.

పది రోజులకు అక్షరాలు విడిగా వచ్చాయి. మాట మాత్రం కూడలేదు. ‘తి... న... కు...’ అని మూడూ చెప్పి, ఏమైందంటే ‘నాకు’ అంది. మొదటి అక్షరం జారిపోతోంది. కిటికీ కోసిన అట్టముక్కను మాట మీద పెట్టి ముందు రెండే చూపించాం. ‘తిన’ అని ఒక్క ఊపిరిలో అనిపించాక కిటికీ జరిపి ‘కు’. రెండేసి కూడబలుక్కోవడం అలవాటైతే మూడోది బరువనిపించదు. దీనికి నాలుగు రోజులు పట్టింది. కేసు మొత్తంలో మలుపు ఇదే.

తర్వాతి వారం ల, ప, ర, మ. ఆపైన గ, చ, వ, బ, ఏత్వంతో సహా. ‘వ’ రాగానే ‘వు’, ‘మ’ కలగాపులగం అయ్యాయి. కావడం సహజమే. ‘వ’కు మామూలు కొమ్ము పక్కనే తగిలిస్తే ‘మ’ లాగే తయారవుతుంది, అందుకే ‘వు’ కొమ్ము కిందికి దిగుతుంది. ఆ రెండింటినే పక్కపక్కన పెట్టి ‘ఆవు’, ‘ఆమె’, ‘మామ’, ‘మావు’ అని తిప్పితే రెండు రోజుల్లో సర్దుకుంది. ఇంకో జాగ్రత్త. పాప ‘వెదురు’ను ‘ఎదురు’ అని చదివింది. తప్పు కొట్టబోయి ఆగాం. వాళ్ళింట్లో ‘ఎళ్ళాడు’, ‘ఒచ్చాడు’ అనే అంటారు. ‘వె’ ఒక్కదాన్నే చూపిస్తే ‘వె’ అనే చదివింది. చూపు సరిగానే ఉంది, నోరు ఇంటి భాష పలికింది. దాన్ని చదువు తప్పుగా లెక్కేస్తే పిల్ల ప్రతి మాటకూ జంకుతుంది.

ఉక్తలేఖనం రోజుకు ఐదు మాటలు. చూచిరాత ఆపేశాం.

అంకెలు

305 వెనక తర్కం ఉంది. ముప్పై వినపడింది, 30 రాసింది. ఐదు వినపడింది, పక్కన 5 రాసింది. ‘పదులు, ఒకట్లు’ గడులు గీసి ఇస్తే పదుల గడిలో 30, ఒకట్ల గడిలో 5 రాసింది. గడులు ఏం చెప్పాలో అవి చెప్పలేదు.

కొబ్బరి ఈనెలు వేలెడు పొడవున విరిచి, పదేసి రబ్బరుబ్యాండుతో కట్టలు కట్టించాం. కట్టలు పిల్లలే కట్టాలి. మనం కట్టి ఇస్తే అందులో పది ఉన్నాయన్న నమ్మకం వాళ్ళకుండదు, ప్రతిసారీ విప్పి లెక్కపెడతారు. ముప్పై ఐదంటే మూడు కట్టలు, ఐదు విడివి. చేత్తో తీయడం వచ్చాక కార్డులు: 30 అని రాసిన పొడుగు కార్డు, అందులో సగం వెడల్పున్న 5 కార్డు. ఐదును సున్నా మీద కప్పితే 35. సున్నా ఎక్కడికీ పోలేదు, ఐదు కింద ఉంది. కార్డు ఎత్తి చూసుకోవచ్చు. మూడు రోజుల్లో 305లు ఆగిపోయాయి.

ఇక్కడ వరుసను తిరగేయడం పనికొచ్చింది. పాఠం 11 నుంచి 20కి, అక్కడినుంచి పైకి వెళ్తుంది. తెలుగులో పదకొండు, పన్నెండు, పందొమ్మిది అన్న పేర్లలో పది, ఒకటి, రెండు, తొమ్మిది పిల్లకు తేటగా వినపడవు. ఇరవై ఒకటి, నలభై ఆరు అన్న పేర్లలో లోపలున్నదంతా వినపడుతుంది. అందుకని ఇరవైల నుంచి తొంభైల వరకు ముందు చేసి, పదకొండు నుంచి పందొమ్మిది చివరికి ఉంచాం. అప్పటికి ఒక కట్ట, తొమ్మిది విడివి అన్నది చేతికి తెలుసు, పేరొక్కటే కొత్త. లెక్కలు ఇంగ్లిష్ మీడియంలో ఉన్నందున ‘ఫిఫ్టీన్’, ‘ఫిఫ్టీ’ చెవికి ఒకేలా వినపడి 15కు 50 రాయడం వేరే తలనొప్పి. తెలుగులో కట్టలు స్థిరపడ్డాక ఇంగ్లిష్ పేర్లు తగిలిస్తే అది చాలావరకు తగ్గింది. ముందే రెండూ కలిపి ఉంటే ఏ తప్పు ఎక్కడిదో మాకే తెలిసేది కాదు.

29, 31 గొడవకు పదిరూపాయల నోట్లు చాలు. మూడు నోట్లు, ఒక బిళ్ళ ఒకవైపు. రెండు నోట్లు, తొమ్మిది బిళ్ళలు ఇంకోవైపు. పాప ముందు బిళ్ళల వైపు చూసి, మళ్ళీ నోట్లు చూసి, “ఆయ్, ఇదే ఎక్కువండి” అంది.

ఎంతవరకు వచ్చింది

బడి మూసే వారం, అంటే ఏప్రిల్ మూడో వారంలో, నలభై కార్డుల్లో ముప్పై మూడు. కొత్త పాఠంలో నాలుగు వాక్యాలు రెండు తప్పులతో, కూడబలుక్కుంటూ చదివింది. మొదటి రెండు వాక్యాలు చదివేటప్పుడు ఏం చదివిందో అడిగితే చెప్పలేదు. రెండోసారి చదివాకే అర్థం చెప్పింది. ఈ దశలో అది మామూలే. నోరు, కన్ను పనిలో ఉంటే అర్థానికి చోటుండదు, అందుకే ప్రతి పాఠం రెండుసార్లు చదివించాలి. 99 లోపు ఉక్తలేఖనం ఇరవైకి పద్దెనిమిది. 20 లోపు తీసివేత ఈనెలతో చేస్తుంది, మనసులో చేయలేదు. ఐత్వం, ఔత్వం ముట్టుకోలేదు. ‘మొ’, ‘యొ’ మిగిలిపోయాయి. వాటికి ఒత్వం మామూలు ఒత్వంలా ఉండదు, ఎత్వం పెట్టి పక్కన కొమ్ము తగిలించినట్టు ఉంటుంది. కొత్తగా నేర్చిన పిల్ల దాన్ని ‘మెఉ’ అని చదవడంలో వింత లేదు.

నాలుగైదు మాటల వాక్యం అన్న కొలతను తెలుగులో జాగ్రత్తగా వాడాలి. ‘పడవలోంచి’, ‘ఆరబోశాడు’ ఒక్కో మాటే అయినా ఒక్కోదానిలో నాలుగైదు అక్షరాలున్నాయి. పరీక్ష ముక్కలు రాసేటప్పుడు మాటలతోపాటు అక్షరాలూ లెక్కపెట్టుకుంటే ఒక పిల్లకు తేలిక, ఒక పిల్లకు కష్టం అన్న అన్యాయం జరగదు.

చూడని పాఠంతో పరీక్ష ఫిబ్రవరిలో పెట్టడం మా పొరపాటు. అదే ముక్కలు దసరా సెలవుల తర్వాత ఇచ్చి ఉంటే ఐదు నెలలు చేతిలో ఉండేవి. ఇప్పుడు తరగతి రిజిస్టరులో గుణింతాలకు రెండు గడులు పెట్టాం, ‘వరుసలో’ అని ఒకటి, ‘విడిగా’ అని ఒకటి. ప్రోగ్రెస్ కార్డులోకి రెండో గడిలోదే ఎక్కుతుంది.

వేసవికి అమ్మమ్మ డబ్బాలో ముక్కలు ముప్పైకి పెంచి, పది ఈనెల కట్టలు సంచిలో వేసి ఇచ్చాం. దాళ్వా (రెండో పంట) వరి కోతల రోజుల్లో ఆవిడకు కుదరలేదట, మే నెలలో కూర్చోబెట్టారు. బడి తెరిచిన వారంలో అవే నలభై కార్డులు చూపిస్తే ముప్పై చెప్పింది. పోయినవి ‘మే’, ‘వు’, ‘రే’. మూడు రోజులు వాటితోనే తొక్కుడుబిళ్ళ ఆడించి, నాలుగోరోజు ‘అక’ పక్కన ‘అక్క’ రాసి చూపించాం. పాప కిందున్న ఒత్తు మీద వేలు పెట్టి, “ఇది కూడా తీసి పెట్టొచ్చాండి?” అని అట్టముక్కల కోసం చూసింది.